తైలసూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “ఆయిల్ బ్లాక్ అయిపోయింది సార్. ఫుల్లీ సింథటిక్ వేయించుకోండి, ఇంజన్ లైఫ్ పెరుగుతుంది.”

అవతారిక: ద్విచక్ర వాహనాన్ని సర్వీసింగుకు అప్పగించిన గృహస్థు ఏసీ గదిలో కాగితపు కప్పుతో టీ తాగుతూ కూర్చుని ఉండగా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు ధరించిన సలహాదారు (లోకవ్యవహారంలో సర్వీస్ అడ్వైజర్) అద్దం తలుపు తోసుకుని వచ్చి పలికే సూత్రం ఇది. దీనికి పూర్వవ్యాఖ్యలేవీ లభించడం లేదు. విన్నవారందరూ “సరే, వేసేయండి” అని తలూపడం వల్ల వ్యాఖ్యాన ప్రసక్తే రాలేదని ఊహించవలసి ఉంది. మెదక్ సీమలోని కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకు టీకలు రచించాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగానికి మాత్రమే ఈ టీకాకారుడు కట్టుబడతాడు.

టీక: ‘ఆయిల్’, ‘సార్’ అనేవి సుగమాలు. ‘బ్లాక్ అయిపోయింది’ అన్నది విచారణీయం. ఇది అనుమాన ప్రమాణం, అంటే కనిపించే గుర్తును బట్టి కనిపించనిదాన్ని తేల్చే పద్ధతి. ఇందులో ఆయిల్ పక్షం, అనగా దేన్ని గురించి తగవో అది, మార్చవలసి ఉండటం సాధ్యం, అనగా రుజువు చేయదలచినది, నలుపు హేతువు. కొండమీద పొగను చూసి నిప్పు ఉన్నదని చెప్పడం చెల్లుతుంది, ఎందుకంటే నిప్పు లేనిచోట పొగ ఉండదు. ఇక్కడ నలుపు అలాంటిది కాదు. ఇంజన్ ఆయిల్‌లో డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు అనే ద్రవ్యాలు కలుపుతారు. మొదటివి లోపలి భాగాలకు పట్టే మడ్డిని వదలగొడితే, రెండోవి ఆ మసి రేణువులు ఒకచోట పేరుకోకుండా నూనెలోనే తేలుతూ ఉండేలా పట్టి ఉంచుతాయి. కాబట్టి నూనె నల్లబడటం సాధారణంగా అది తన పని చేస్తున్నదనడానికే గుర్తు. చెడిన నూనెలోనూ చెడని నూనెలోనూ సమానంగా కనిపించే ఇటువంటి హేతువును తార్కికులు సవ్యభిచారమన్నారు. హేత్వాభాసాలలో, అంటే హేతువులా కనిపించే దొంగహేతువులలో, ఇది మొదటిది.

మిగిలిన నాలుగింటినీ ఇక్కడ చెప్పకపోతే అన్నంభట్టుకు అన్యాయం జరుగుతుంది. తెలుగువాడైన ఈ పండితుడు తర్కసంగ్రహం రాసి, దానికి దీపిక అనే టీకను కూడా తానే రాసుకున్నాడు. సర్వీస్ అడ్వైజర్లు ఈ మర్యాదను పాటించి ఉంటే ప్రస్తుత గ్రంథం అవసరమే ఉండేది కాదు. రెండోది విరుద్ధం: తలచినదానికి సరిగ్గా వ్యతిరేకమైనదాన్ని రుజువు చేసే హేతువు. “మన బండి రైతుబజారు దాకానే వెళ్లొస్తుంది, కనుక ఆయిల్‌కు ఢోకా లేదు” అనే గృహస్థుల వాదం ఈ కోవలోది; దగ్గరి దూరాలకే తిరిగే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, అందులో చేరిన నీటి ఆవిరి, కాలని పెట్రోలు బయటికి పోవు, ఫలితంగా నూనె త్వరగానే పాడవుతుంది. మూడోది సత్ప్రతిపక్షం: సమాన బలం గల ఎదురు హేతువు ఉండటం. సందు చివరి మెకానిక్ కిందటి నెలే మార్చాడన్న మాట ఇందుకు ఉదాహరణ. నాలుగోది అసిద్ధం: హేతువు ఉన్నదని ముందు తేలకపోవడం. బండి ఇంకా వరసలోనే ఉండగా, దాని డిప్‌స్టిక్‌ను ఎవరూ తాకకుండానే ‘బ్లాక్’ అని ప్రకటించడం ఈ దోషానికి ఇంతకుమించి దొరకని ఉదాహరణ. అయిదోది బాధితం: వేరే ప్రమాణం చేత కొట్టుబడిపోయేది. “పోయిన సర్వీసులో నిండా పోశాం, తగ్గి ఉండదు” అన్న అనుమానం, డిప్‌స్టిక్ మీద తడి కింది గీత దాకా కూడా రాలేదని కంట పడగానే ప్రత్యక్షం చేత బాధితమవుతుంది.

ఈలోగా అడ్వైజర్ మరో కస్టమర్ దగ్గరికి వెళ్లిపోయాడు. సూత్రంలోని రెండో వాక్యానికి వద్దాం.

‘ఫుల్లీ సింథటిక్’ అనేది మినరల్, సెమీ సింథటిక్ అనేవాటికి పైమెట్టు; వేడికి తట్టుకోవడంలో అది మేలైనదేనని ఒప్పుకోవాలి. అయితే డబ్బా మీద ముందు చూడవలసినది గ్రేడు. 10డబ్ల్యు-30 అన్నప్పుడు డబ్ల్యుతో కూడిన మొదటి అంకె చలిలో నూనె ఎంత చురుకుగా కదులుతుందో చెబుతుంది. రెండోది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని చిక్కదనాన్ని చెబుతుంది. స్టార్టింగు పరీక్ష 10డబ్ల్యుకు మైనస్ 25 డిగ్రీల వద్ద, 0డబ్ల్యుకు మైనస్ 35 వద్ద జరుగుతుంది. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం బండి తీసేవాడికి మైనస్ 35 పేరు చెప్పి అదనపు వెల కోరడం సాహసమే. లంబసింగి వాళ్లకైనా అంత చలి పరిచయం లేదు. ఇక బండికి వేసేది జాసో అనే ప్రమాణంలో ఎంఏ రకమా, ఎంబీ రకమా అన్న సంగతి సూత్రకారుడు ఎత్తనే లేదు. మోటారుసైకిల్ క్లచ్ సాధారణంగా ఇంజన్ నూనెలోనే మునిగి ఉంటుంది కనుక, రాపిడిని మరీ తగ్గించే నూనె పోస్తే క్లచ్ జారుతుంది. అందుకే స్ప్లెండర్ వంటి వాటికి ఎంఏ, క్లచ్ పొడిగా ఉండే యాక్టివా వంటి స్కూటర్లకు ఎంబీ. కారుకు పోయగా మిగిలిన ఖరీదైన నూనెను బైకుకు పోసి మురిసిపోయేవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలి.

‘ఇంజన్ లైఫ్ పెరుగుతుంది’: మీమాంసకుల లెక్కలో ఇది విధివాక్యం కాదు, అర్థవాదం, అంటే చేయవలసిన పని మీద ఉత్సాహం పుట్టించడానికి చేసే స్తుతి. విధివాక్యమైతే ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు అన్నది చెప్పి ఉండేది. ఆ విధి కంపెనీ ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో పట్టిక వేసి మరీ ఉంది. బండితో పాటే ఇచ్చిన ఆ పుస్తకం పేరు సలహాదారు నోట ఒక్కసారైనా రాదు. ఫ్రీ సర్వీసు అన్నప్పుడు ఫ్రీ అయినది కూలి మాత్రమేనని, ఆయిల్ వెల వేరని తెలిసేది బిల్లు చేతికి వచ్చాకనే. పాత నూనె పూర్తిగా దించారో లేదో, కొత్త డబ్బా సీలు ఎవరు తీశారో అద్దానికి ఇవతల కూర్చున్నవాడికి తెలిసే మార్గం లేదు. సందు చివరి మెకానిక్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చుక్క నలిపి పెదవి విరవడం శాస్త్రం కాకపోవచ్చు గాని, ఆ చుక్కను అతను బండివాడి ఎదుటనే తీస్తాడు. రోజుకు 120 కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రవాడికి 25 రోజులలో 3,000 కిలోమీటర్లు నిండిపోతాయి. సగం రోజు కూలి పోగొట్టుకుని షోరూములో కూర్చునే ఆ మనిషికి నిజమైన లెక్క చెప్పకుండా అర్థవాదం వినిపించడం హాస్యానికి అందే విషయం కాదు.

తాత్పర్యం: మాన్యువల్‌లో రాసిన గ్రేడు పోయించాలి, రాసిన కిలోమీటర్లు, రాసిన నెలలు, వీటిలో ఏవి ముందు నిండితే అప్పుడు మార్పించాలి. డబ్బా సీలు ఎదుటనే తీయమని అడగాలి, అడగడానికి మొహమాటపడకూడదు. మధ్యమధ్య మట్టం ఇంట్లోనే చూసుకోవచ్చు: ఇంజన్ కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, చదునైన నేల మీద సెంటర్ స్టాండ్ వేసి, డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ పెట్టి తీయాలి. స్ప్లెండర్ వంటి బండ్లలో దాన్ని మర తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే నూనె ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.