పొరుగింట్లో మన పుల్లకూర

శనివారం సాయంత్రం ఆరు దాటాక కూడా అనకాపల్లి మెయిన్ రోడ్డులో కనిపించే మనిషిని జనం జాలిగా చూస్తున్నారు. "ఏటి బావా, ఎల్లలేదా?" అని అడుగుతారు. ఎక్కడికో చెప్పరు, చెప్పనక్కర్లేదు. వైజాగుకి. వైజాగులో ఎక్కడికన్నదీ అనవసరమే. బీచ్ రోడ్డో, సిరిపురమో, రుషికొండో, ఏదో ఒక మేడ మీద చివరి అంతస్తు. అక్కడ నైట్ లైఫ్ ఉందట. మన దగ్గరున్నది ఉత్త రాత్రేనట.

ఇందులో పాలనాపరమైన చిక్కొకటి ఉంది. 2013లో అనకాపల్లి మున్సిపాలిటీని తీసుకెళ్లి మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపారు. 2022 ఏప్రిల్ 4న అదే అనకాపల్లిని కొత్త జిల్లాకి కేంద్రం చేశారు. అంటే కలెక్టరు మన ఊళ్లో, కమిషనరు వాళ్ల ఊళ్లో. ఇంటిపన్ను కట్టేటప్పుడు మనం విశాఖ నగరవాసులం. శనివారం సాయంత్రం మాత్రం బండి తీసి "సిటీకెళ్తన్నాం" అంటాం. నగరంలోనే ఉంటూ నగరానికి ప్రయాణం కట్టే భాగ్యం ఇంకే ఊరివాళ్లకి పట్టిందో నాకైతే తెలీదు. లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ. గాజువాకలో ఇరుక్కున్న సమయం కూడా వీకెండు లెక్కలోకే వస్తుందా అంటే, కారులో పాటలు పెట్టుకుంటే వస్తుందని మా కుర్రాళ్ల వాదన.

సరే, చేరాం. టేబుల్ ఖాళీ లేదు. పేరూ ఫోన్ నంబరూ రాసిచ్చి మెట్ల దగ్గర నిలబడాలి. ఎంతసేపు నిలబడితే హోటలు అంత గొప్పదని లెక్క. లోపలికి వెళ్లగానే సీటు దొరికితే మనవాళ్లకి అనుమానం: "జనం లేరేటి, బాగోదేమో."

మెనూ వస్తుంది. అసలు వినోదం ఇక్కడ మొదలవుతుంది. మొదటి పేజీలో ఏదో క్రిస్పీ యాంకోవీలని ఉంటుంది. తీరా చూస్తే నెత్తళ్లు. మన జిల్లాలోనే, అచ్యుతాపురం దాటాక, పూడిమడక ఒడ్డున పడవ దిగిన నెత్తళ్లు. పొద్దున్నే తట్టలో పెట్టుకుని వీధిలోకొచ్చిన అత్త దగ్గర వీటినే కొనేటప్పుడు పది రూపాయల కోసం పావుగంట పోట్లాడి, ఇంకో గుప్పెడు కొసరు వేయించుకుని, చివరికి "సిన్నవి ఇచ్చావు" అని సణిగే ఇల్లాలే ఇక్కడ పళ్లెంలో పది చేపలు లెక్కపెట్టి "ఎంత ఫ్రెష్షో!" అంటుంది. రెండో పేజీలో చోళ్లు. చోడి అంబలి తాగేవాణ్ని ఈ నేల మీద పేదవాడని పిలిచేవారు. ఇప్పుడు అదే చోడిపిండికి పైన రెండు పుదీనా ఆకులు పెట్టి మిల్లెట్ బౌల్ అంటే తాగేవాడికి ఆరోగ్యస్పృహ ఉందని పేరొస్తోంది. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు అన్నారు. మనది ఇంకో మెట్టు పైన: మనింటి పుల్లకూరనే పొరుగింటికి పంపించి, అక్కడికెళ్లి డబ్బిచ్చి తిని, రుచి బాగుందని ఫొటో పెడుతున్నాం.

ఆఖర్న మిఠాయి. ఆర్గానిక్ జాగరీ మూస్. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇది మన సబ్జెక్టు.

అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. యార్డులో దిమ్మలు వరసగా పేర్చి ఉంటాయి. రంగుని బట్టి ధర. పచ్చగా, బంగారంలా మెరిస్తే మొదటి రకం. రంగు తగ్గేకొద్దీ రేటు తగ్గుతుంది. నల్లగా ఉంటే రైతు మొహమూ నల్లబడుతుంది. ఆ మెరుపు కోసం పొయ్యి మీది పాకంలో హైడ్రోస్ చల్లుతారు. చల్లొద్దని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు, కొనేవాళ్లు రంగే అడుగుతూనే ఉన్నారు. ఏ మందూ వెయ్యకుండా నిజాయితీగా వండిన దిమ్మ ముదురు రంగులో వచ్చి తక్కువకి పోతుంది. పైగా నల్లబెల్లమంటే సారా బట్టీకి పోయే సరుకని ఎక్సైజు వాళ్లకి అనుమానం. ఎక్కడ సారా పట్టుబడినా బెల్లం వ్యాపారి గుండె దడదడలాడుతుంది. యార్డులో ఇంత అవమానం పడ్డ ఆ ముదురు రంగే ముప్పై నలభై కిలోమీటర్లు ప్రయాణం చేసేసరికి కెమికల్ ఫ్రీ అయి, ఆర్గానిక్ అయి, గాజు గిన్నెలో కూర్చుంటుంది. పది కిలోలు నాలుగైదు వందలు పలికితే రైతు తృప్తిగా ఇంటికెళ్లే సరుకు. మూస్‌లో వేసిన రెండు చెంచాలకి మనవాడు దాదాపు అంతే ఇచ్చి లేస్తాడు. లేస్తూ "ఇంట్లో చేసిన రుచి వచ్చింది" అంటాడు. ఇంట్లో ఉండి ఉంటే సరిపోయేది కదా నాయనా.

బెల్లం నుంచి మందు దగ్గరికి రావడానికి పెద్ద దూరం లేదు. రావిశాస్త్రిగారు విశాఖపట్నంలో ప్లీడరీ చేస్తూ, నిషేధపు రోజుల్లో సారా చుట్టూ కోర్టూ పోలీసూ పేదవాడూ ఎలా తిరిగారో చూసి ఆరు సారా కథలు రాశారు. ఇవాళ ఉండి ఉంటే ఏడో కథకి వస్తువు రూఫ్‌టాప్ మీద దొరికేది. ఈ రాష్ట్రంలో గ్లాసు సాదాసీదా వస్తువు కాదు. 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిందంటే దాని వెనకున్నది మద్యనిషేధం గొడవే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డాక 1993లో సారా పోయింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ మొత్తం మందునే నిషేధించారు. 1997లో ఆయన అల్లుడుగారు ఆ నిషేధాన్ని ఎత్తేశారు. (మా బెల్లం యార్డుకి ఎన్టీఆర్ పేరే పెట్టడంలో ఎవరి చమత్కారమూ లేదనే నమ్ముతున్నాను.) 2019 అక్టోబరులో ప్రభుత్వమే దుకాణం తెరిచి కూర్చుంది. 2024 అక్టోబరు 16న ఆ దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతుల్లోకొచ్చాయి. 3,396 దుకాణాలకి 90 వేలకి అటూఇటూగా దరఖాస్తులు. ఒక్కోదానికి తిరిగిరాని రుసుం రెండు లక్షలు. సీసా మూత తీయకుండానే ఖజానాకి దాదాపు 1,800 కోట్లు.

ఈ చరిత్రంతా ఒకే గొంతులోంచి దిగింది. అంతకుముందు అయిదేళ్లు సీసా మీది పేరు చదవకుండా కళ్లు మూసుకుని మింగిన మహానుభావుడే ఇవాళ గ్లాసుని దీపానికి అడ్డంగా పట్టి, ముక్కు దగ్గర పెట్టి, "ఓక్ ఫినిష్ ఉంది" అంటున్నాడు. ఓక్ చెట్టుని ఎక్కడ చూశావురా అంటే, సినిమాలో అంటాడు. చెరకు తోటని మాత్రం చూసే ఉంటాడు. మన చెరకు పరిశోధన కేంద్రం 1913 నాటిది, వాళ్ల రకాల్లో ఒకదాని పేరు విశ్వామిత్ర. చెరకు నుంచి చక్కెర, చక్కెర పోగా మిగిలిన మొలాసిస్ నుంచి రమ్ము. అసలు విశ్వామిత్రుడి తపస్సు చెడగొట్టడానికి ఇంద్రుడు మేనకని పంపాల్సొచ్చింది. మా విశ్వామిత్ర తనే గ్లాసులోకి దిగి ఊరందరి తపస్సూ చెడగొడుతున్నాడు. అన్నట్టు, ఆ చెరకు ఆడాల్సిన తుమ్మపాల ఫ్యాక్టరీ మూతపడింది. రైతులు చెరకు మానేసి సరుగుడు వేస్తున్నారు. ఈ ముక్క టేబుల్ దగ్గర అనకండి, మూడ్ పాడవుతుందట.

ఎలాగూ అన్నా వినపడదు. గురజాడవారు కన్యాశుల్కంలో సారా దుకాణం రంగం ఒకటి పెట్టారు. అక్కడ బైరాగీ, హవల్దారూ, దుకాణదారూ చేరి వేదాంతం దగ్గర్నుంచి రాజ్యాల సంగతుల దాకా మాట్లాడుకుంటారు. తాగేది సారాయే గానీ ఒకడి మాట ఇంకొకడికి వినపడుతుంది. ఇవాళ్టి పబ్బులో ఆ బైరాగిని కూర్చోబెడితే పాపం నోరు తెరిచి చూపించడం తప్ప చేసేదేం లేదు. వారమంతా కలవలేకపోయాం, తీరిగ్గా మాట్లాడుకుందామని వచ్చిన నలుగురు స్నేహితులు అక్కడ చేసే సంభాషణ ఇది: "ఏటీ?" "ఆఁ?" "ఏం లేదులే." తర్వాత నలుగురూ ఫోన్లు తీసి ఎదురెదురుగా కూర్చుని గ్రూపులో మెసేజీలు పెట్టుకుంటారు. డ్రైవింగు వంతు పడ్డ బావ మాత్రం లైమ్ సోడా ముందు పెట్టుకుని గడియారం చూస్తుంటాడు. ఆ రాత్రి ఏం జరిగిందో సోమవారానికి గుర్తున్నవాడు అతనొక్కడే, అతన్నెవరూ అడగరు.

అర్ధరాత్రి పన్నెండుకి బారు మూసేస్తారు. అంతర్జాతీయ స్థాయి నైట్ లైఫ్ మన దగ్గర సెకండ్ షో వదిలే వేళకే ఇల్లు చేరుతుంది.

బిల్లు సంగతి ముక్తసరిగా చెప్తాను, ఇచ్చేవాడు కూడా సరిగా చదవడు. తిండికి అయిదు శాతం జీఎస్టీ. మందు జీఎస్టీలోకి రాదు, దాని పన్ను రాష్ట్రానిది. కొన్నిచోట్ల అడుగున సర్వీస్ చార్జి అని ఇంకో గీత ఉంటుంది. అది బలవంతంగా వెయ్యకూడదని 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటని నిలబెట్టింది. తీసెయ్యమని అడగొచ్చు. కానీ పూడిమడక అత్త దగ్గర లేచిన నోరు ఇక్కడ లేవదు. ఏసీలో నామోషీ ఎక్కువ చలేస్తుంది.

ఇదంతా ఎవరి డబ్బు వాళ్ల ఇష్టం అని ఊరుకోవచ్చు. నేనూ ఊరుకునేవాణ్ని, దీన్ని అభివృద్ధి అని అనకపోతే. నగరం ఎదగాలంటే రాత్రిళ్లు మేలుకోవాలట. పర్యాటకం రావాలంటే రాత్రి జీవితం కావాలట. ఈ వాదనతోనే కాబోలు, 2017 ప్రేమికుల రోజుకి విశాఖ తీరంలో బీచ్ లవ్ ఫెస్టివల్ అని ఒకటి తలపెట్టారు. మహిళా సంఘాలూ పార్టీలూ గొడవ చేస్తే చాప చుట్టేశారు. ప్రేమ పోయింది గానీ వాదన మిగిలింది.

ఇంతకీ వైజాగు ఎప్పుడు నిద్రపోయిందని ఇప్పుడు లేపుతున్నారు? స్టీలు ప్లాంటులో సి షిఫ్టు ఉంది. కొలిమికి ఆదివారం లేదు. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ బస్సులు మన జాతీయ రహదారి మీద రాత్రంతా మనుషుల్ని దించుతూ ఎక్కించుకుంటూ తిరుగుతాయి. ఫిషింగ్ హార్బరులో తెల్లారకముందే వేలం పాట మొదలవుతుంది. మన చుట్టుపక్కల గానుగల దగ్గర సీజన్లో తెల్లవారుజాము నుంచే రసం కాగుతుంటుంది. వీళ్లందరూ రాత్రి మేలుకునే ఉన్నారు, వీళ్లది మాత్రం లైఫ్ కిందకి రాదు. కూర్చుని ఖర్చుపెట్టేవాడి రాత్రే నైట్ లైఫ్, నిలబడి సంపాదించేవాడిది నైట్ డ్యూటీ.

వాళ్లకీ ఒకచోట పళ్లెం దొరికేది. విశాఖ పాత జైలు రోడ్డులో, మహిళా కళాశాల దగ్గర, రాత్రిపూట బండ్లు వరసగా నిలబడేవి. దోసె, నూడుల్స్, బిర్యానీ, ఏది కావాలంటే అది. షిఫ్టు దిగినవాడూ, హాస్టల్ కుర్రాడూ, కారులో వచ్చిన కుటుంబమూ పక్కపక్కన నిలబడి తినేవారు. మెట్ల దగ్గర పేరు రాయించుకునే పని లేదు. ఎవరూ అంతర్జాతీయం అనకుండానే అది పుట్టింది, పెరిగింది. 2025 సెప్టెంబరులో జీవీఎంసీ ఆపరేషన్ లంగ్స్ అని ఆక్రమణల తొలగింపు పెట్టి ఆ బండ్లన్నీ ఎత్తేసింది. ఊపిరితిత్తులకి గాలి ఆడిందో లేదో గానీ కడుపులకి మాత్రం ఆడలేదు. ఏడో అంతస్తులో పెడితే నైట్ ఎకానమీ, రోడ్డు పక్కన పెడితే ఆక్రమణ. మధ్యలో ఉన్న తేడా ఒక్క లిఫ్టు.

ఆదివారం బ్రంచ్ ఉంటుంది. పొద్దుటి టిఫినూ మధ్యాహ్నం భోజనమూ కలిపి ఒకేసారి, అన్‌లిమిటెడ్. పెట్టిన డబ్బు రాబట్టాలని మనవాడు ఏడు రకాలు పళ్లెంలో పేర్చుకుని, సోమవారం ఉదయం అనకాపల్లి మందుల షాపులో గ్యాస్ మాత్ర అడుగుతూ కనిపిస్తాడు.

జనవరిలో మా గవరపాలెం గౌరీ పరమేశ్వరుల ఉత్సవానికి రమ్మని ఈ బాపతు కుర్రాణ్ని పిలిస్తే "ఆ జనంలో, ఆ మైకుల గోలలో ఎవరొస్తారు మావా?" అన్నాడు. వీధులన్నీ దీపాలు, స్టేజీల మీద రాత్రంతా ఆటాపాటా, బాణసంచా, మిరపకాయ బజ్జీలు. మెట్ల దగ్గర పేరు రాయించుకోనక్కర్లేదు, సర్వీస్ చార్జీ లేదు. జనమూ గోలా వద్దనుకునేవాడు వాటికోసమే ప్రతి శనివారం గాజువాక సిగ్నల్లో నిలబడుతున్నాడని గుర్తు చేశాను. "అది వేరు మావా" అన్నాడు. ఎందులో వేరో చెప్పలేదు. ఆ గోలకి కవర్ చార్జీ కట్టాడు కాబట్టి, దాన్ని గోల అనడానికి అతనికి మనసొప్పదు.

రూఫ్‌టాప్ యజమానులకి నాదొక్కటే విన్నపం. ధరలు తగ్గించమని అడగను, సౌండ్ తగ్గించమనీ అడగను. మెనూలో జాగరీ అని రాసినచోట, పక్కనే ఆ రోజు అనకాపల్లి యార్డులో ఆ రకం పది కిలోలకి ఎంత పలికిందో చిన్న అక్షరాల్లో వేయించండి. మూస్ తిన్నాక మావాళ్లు భాగహారం చేసుకుంటారు. ఫోనెలాగూ చేతిలోనే ఉంటుంది.