బర్గర్లకు తాళం వేయించిన జనరల్ గారికి బహిరంగ లేఖ

జనరల్ స్టాన్లీ మెక్‌క్రిస్టల్ గారికి,

2010లో అఫ్గానిస్తాన్‌లో నాటో దళాలకు అధిపతిగా ఉండి, కాందహార్, బగ్రామ్ స్థావరాల్లో బర్గర్ కింగ్, పిజ్జా హట్ వంటి దుకాణాలు మూయించారు. ఇది యుద్ధభూమి, వినోదాల పార్కు కాదని మీవాళ్లు సెలవిచ్చారు. రోజుకు ఒక్క పూటే తింటారని పేరున్నవారు మీరు. మా ఇళ్లలోనూ ఏకాదశి ఉపవాసం ఉండే పెద్దాయనే పిల్లల జంతికల డబ్బా అటకెక్కిస్తాడు.

లారీల్లో, విమానాల్లో ఆ సరుకు తగ్గితే మారుమూల శిబిరాలకు అసలు అవసరాలు అందుతాయన్నారు. న్యాయమే. నా ఫిర్యాదల్లా ఒకటే: బర్గర్‌ను పొమ్మన్నారు సరే, దాని జాగాలోకి ఎవరిని రమ్మన్నారు?

అప్పట్లో కాందహార్ స్థావరంలో ఎన్నో దేశాల సైనికులు. నడుమ చెక్కలతో కట్టిన బోర్డ్‌వాక్. దాని మీద 2006 నుంచి కెనడా వారి టిమ్ హార్టన్స్ డోనట్లు. భోజనశాలల్లో వడ్డించేది భారత్, నేపాల్, ఫిలిప్పీన్స్ నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. సరుకు చాలావరకు కరాచీ రేవులో దిగి, చమన్ సరిహద్దు దాటి రావాల్సి ఉండేది. ఇక నగరానికి అటుపక్కనే అర్గందాబ్ లోయ, ఎటు చూసినా దానిమ్మ తోటలు! ఆ పండ్లను విదేశాలకు పంపించే పథకాలకు డబ్బు పోసింది మీ ప్రభుత్వ విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడే. వెళ్లే దానిమ్మ లారీ, వచ్చే బర్గర్ లారీ చమన్ దగ్గర ఎదురుపడి మర్యాదగా దారి ఇచ్చుకునే ఉంటాయి. రెండింటి వెనకా అమెరికా పన్నుదారుడి డబ్బుంది.

ఊరి తిండి తింటే జబ్బు చేస్తుందన్న డాక్టర్ల భయాన్ని తీసిపారేయను. విరేచనాలు పట్టుకున్న సైనికుడు తుపాకీ ఏం మోస్తాడు? విషం కలుపుతారేమోనన్న అనుమానమూ యుద్ధంలో తప్పు కాదు. అందుకే సైనిక పశువైద్యులు తనిఖీ చేసి ఒప్పుకున్న చోటే తిండి కొనాలన్న నియమం. అయితే ఆ తనిఖీకి నిలిచి, అఫ్గాన్ కర్మాగారాల్లో నింపిన నీళ్ల సీసాలే మీ సైనికులు తాగారు కదా! నీళ్లకు తీసిన గేటు తందూరుకు ఇంకాస్త బార్లా తీస్తే ఏం పోయేది?

అఫ్గాన్ సైనికులతో కలిసున్న చిన్న శిబిరాల్లో మీవాళ్లు కొందరు ఆ పని చేశారు. నేల మీద దస్తర్‌ఖాన్ పరుచుకుని నాన్ తుంచుకున్నారు, పలావు తిన్నారు, చక్కెర దట్టించిన టీ తాగారు. పష్తూన్ల ఇంట అతిథికి పెట్టడం ఆచారం మాత్రమే కాదు, పరువు. జనాన్ని మనవైపు తిప్పుకోవడమే యుద్ధమని మీరే చెప్పేవారు. ఎదుటివాడి పళ్లెంలో చెయ్యి పెట్టకుండా అదెలా కుదురుతుందో మీ వ్యూహపత్రంలో రాసినట్టు లేదు.

2010 జూన్‌లో ఒక పత్రిక కథనం మీ పదవికి ఎసరు పెట్టింది. మీరు వెళ్లాక బర్గర్లు తిరిగొచ్చాయి.

ఇప్పుడు నాయకత్వం మీద పాఠాలు చెబుతున్నారు గనుక చిన్న మనవి. రేపు ఇంకెక్కడైనా స్థావరం కట్టేవాళ్లకు, టెండరు కాగితాల్లో ఊరి రొట్టెల బట్టీవాడికీ ఒక గడి ఉంచమని చెప్పండి. తనిఖీకి పశువైద్యుడు నడిచే వెళ్లిరావచ్చు, కాన్వాయ్ అక్కర్లేదు.

ఇట్లు,
తిండి విషయంలో మొహమాటం లేని ఒక తెలుగువాడు