సెలవుల బెంగ

పది రోజుల సంక్రాంతి సెలవులు అయ్యాక, 2025 జనవరి 20, సోమవారం బడి తెరిచారు. ఆదోని వైపు ఓ పల్లె బడి. నాలుగో తరగతి మాస్టారిది కోస్తా. ఆ ప్రాంతానికి కొత్త.

సెలవుల తర్వాత పిల్లల్ని మళ్లీ బడికి ఎలా మళ్లించాలన్నది ఆయన శ్రద్ధగా చదివిన విషయం. చిన్న నోటుబుక్కులో రాసుకున్నారు కూడా. మొదటి రోజు పాఠం చెప్పకూడదు. హోంవర్కు ఊసెత్తకూడదు. సెలవుల కబుర్లు చెప్పించాలి. పొద్దున్నే లేవడం ఒక్కసారిగా రాదు కాబట్టి, నిద్రవేళను రోజుకో పావుగంట ముందుకు జరపమని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. మళ్లీ సెలవులెప్పుడో చెబితే దిగులు తగ్గుతుంది. అన్నిటికంటే కింద, ఎర్ర సిరాతో గీత గీసిన వాక్యం: రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

ముప్పై మంది ఉండాల్సిన గదిలో పద్దెనిమిది మందే ఉన్నారు. పండగ బద్ధకం ఇంకా వదల్లేదనుకున్నారు మాస్టారు.

పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టారు. ఒకడు చింతచెట్టుకు చిక్కుకున్న గాలిపటం కథ చెప్పాడు. ఒక పిల్ల సజ్జరొట్టెల మీద నువ్వులన్నీ తనే అద్దానంది. ఇంకొకడు మంత్రాలయం వెళ్లి తుంగభద్రలో మునిగొచ్చాడు. చివరికి గోడవారగా కూర్చున్నవాడి వంతు వచ్చింది.

“సుగ్గికి పోయింటిమి సార్.”

ఆ ఊరెక్కడుందో మాస్టారికి తెలియదు. అడిగితే బాగుండదని అడగలేదు.

“అక్కడ ఎవరున్నార్రా?”

“అమ్మా నాయినా ఆడే ఉండారు సార్. నేను అవ్వతో వచ్చేసినా. తెల్లారుజామున బస్సు దిగినా.”

చెబుతూ చెబుతూ వాడు తల వంచి కన్ను భుజానికి రుద్దుకున్నాడు. కాసేపాగి మళ్లీ. కుడికన్ను కుడిభుజానికి, ఎడమకన్ను ఎడమభుజానికి. చొక్కా రెండు భుజాల దగ్గరా తడిసింది. చేతులు మాత్రం ఒళ్లోంచి కదల్లేదు. వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువుల్లా.

మాస్టారు నోటుబుక్కు తెరవాల్సిన పని లేకపోయింది. అమ్మానాన్నల్ని వదిలి వచ్చిన బెంగ. సెలవులు అయిపోయాయన్న దిగులు. నలుగురిలో ఏడవడానికి సిగ్గు.

ఆయన లేచి గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్లారు.

“ఇదిగో చూడండి. ఇంకో తొంభై నాలుగు రోజులు ఓపిక పడితే చాలు. ఏప్రిల్ 24 నుంచి మళ్లీ సెలవులే. ఈసారి పది రోజులు కాదు, జూన్ 11 దాకా. నలభై తొమ్మిది రోజులు!”

గది చప్పట్లతో మారుమోగింది. గోడవార నుంచి మాత్రం చప్పుడు లేదు.

మాస్టారు వెళ్లి వాడి పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నారు. అరచేతులు కాలిపోతున్నాయి. జ్వరమేమోనని నుదురు తాకి చూశారు. చల్లగానే ఉంది. మళ్లీ చేతులు పట్టుకుని తనే చప్పట్లు కొట్టించారు. పళ్లు బిగబట్టి కొట్టాడు వాడు. పిల్లలంతా గొంతు కలిపి లెక్కపెట్టారు. ఇరవై దాకా వెళ్లింది.

“బెంగపడకురా. రెండు రోజుల్లో అలవాటైపోతుంది.”

తలూపాడు. మాస్టారికి మనసు నిండింది. కళ్లు చెమ్మగిల్లితే చేత్తో తుడుచుకున్నారు.

మరుక్షణం కెవ్వుమని లేచారు. రెండు కళ్లూ నిప్పుల్లా మండాయి. నీళ్లు ధారగా కారుతున్నాయి. రుద్దినకొద్దీ మంట పెరిగింది. పిల్లలు బిత్తరపోయారు. చెంబు కోసం ఒకరు పరిగెత్తారు.

గోడవార కూర్చున్నవాడొక్కడే కంగారు పడలేదు. వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

“చేత్తో తుడుసుకోగూడదు సార్. నా చేతులు పట్టుకుంటిరి కదా, నిన్న మాపటిదాకా మిరక్కాయలు కోసినవి. భుజానికి రుద్దుకోండి, ఇట్ల.”

చేసి చూపించాడు. మాస్టారు గుడ్డిగా తల వంచారు.

“ఏం గాదు సార్,” అన్నాడు వాడు. “రెండు దినాలకు అలవాటైతాది.”