స్టార్లిచ్చేవాళ్లనూ ఓటీపీ అడగండి

మహారాజశ్రీ కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ, అనగా సీసీపీఏ, ప్రధాన కమిషనర్ గారి దివ్యసముఖానికి కోలారు జిల్లా మాలూరు తాలూకా టేకల్ నివాసి ఒకరు రాసుకున్న బహిరంగ విన్నపం.



మా ఊరు ఏలినవారికి తెలిసి ఉండకపోవచ్చు. బెంగళూరు నుంచి జోలార్‌పేట వైపు పోయే ప్యాసింజరు మాలూరు దాటాక, బంగారుపేట రాకముందు ఒక చోట ఆగుతుంది. కిటికీలోంచి చూస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న బండరాళ్ల గుట్టలు కనబడతాయి. అదే మేము. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, ఫోన్‌లో ఇంగ్లీషు. ఇదివరకు ఏదైనా మంచి వస్తువు కావాలంటే మాలూరుకో బంగారుపేటకో పోయేవాళ్లం. ఇప్పుడు అంగడే చేతిలోకి వచ్చింది. దానితోపాటు వచ్చిన తంటా గురించే ఈ ఉత్తరం.

ఆన్‌లైన్ అంగట్లో ఇద్దరు మనుషులున్నారు. ఒకడు దుడ్డిచ్చి కొనేవాడు, ఇంకొకడు సరుకును పొగిడేవాడు. కొనేవాణ్ణి అడుగడుగునా ‘నువ్వెవరు?’ అని నిలదీస్తారు. పొగిడేవాణ్ణి మాత్రం ‘ఎవరు బాబూ నువ్వు’ అని అడిగే నాథుడు లేడు. నా ఫిర్యాదంతా ఇంతే. తక్కినదంతా దీనికి వివరణ.

ముందు నా సంగతి చెప్తాను. అకౌంటులోకి వెళ్లాలంటే పాస్‌వర్డ్ కావాలి. అందులో ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఎవరూ ఎప్పుడూ వాడని ఒక గుర్తు ఉండాలి. అది సరిపోకపోతే ఓటీపీ. అదీ చాలకపోతే తొమ్మిది బొమ్మలు చూపించి ట్రాఫిక్ లైట్లున్నవి ఏరమంటారు. గుట్టలూ మామిడి తోటలూ తప్ప ఇంకేం చూసి ఎరగని కళ్లతో ఆ లైట్లు వెతుక్కోవాలి. దుడ్డు కట్టేటప్పుడు కార్డు వెనకాల మూడంకెలు, ఆ పైన బ్యాంకు వారి ఓటీపీ. కార్డు నంబర్లను అమ్మకం సైట్లు దాచుకోకూడదని, వాటి బదులు టోకెన్ వాడాలని రిజర్వు బ్యాంకు 2022 అక్టోబరు 1 నుంచి కట్టడి చేసింది. మంచి పనే, కాదనను. తాళాలు ఎక్కువయ్యాయని నేను ఏడవడం లేదు. అన్ని తాళాలూ నా గుమ్మానికే వేశారే అని ఏడుస్తున్నాను.

ఈ తాళాలన్నిటిలోనూ తమాషా అయింది ఓటీపీ. ఒకప్పుడు ఎవరికి ఫోన్ చేసినా రింగుకన్నా ముందు సైబర్ నేరాల హెచ్చరిక వినబడేది. ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని బ్యాంకు చెప్తుంది, రిజర్వు బ్యాంకు చెప్తుంది, పోలీసులు చెప్తారు. సరేనని మనసులో గట్టిగా నాటుకుంటాం. ఇంతలో మిట్టమధ్యాహ్నం బండి మీద ఒక పిల్లాడు వచ్చి వాకిట్లో నిలబడతాడు. హెల్మెట్ తియ్యడు, బండి ఆపడు. చేతిలో పార్సిలు, చెవిలో ఫోను.

‘అక్కా, ఓటీపీ చెప్పక్కా.’

‘ఎవరికీ చెప్పొద్దన్నారు కదప్పా.’

‘అది బ్యాంకుది అక్కా, ఇది డెలివరీది. చెప్పకపోతే పార్సిలు వాపస్ పోతుంది.’

మా పక్కింటి వదిన కళ్లజోడు వెతుక్కుని ఫోన్ తెరిస్తే ఒకే డబ్బాలో ఒకదాని కింద ఒకటి మూడు మెసేజిలు ఉంటాయి. మూడూ ఇంగ్లీషే, మూడింటిలోనూ అంకెలే. ఏది చెప్పాలో, ఏది చెప్తే కొంప మునుగుతుందో ఆమె ఎండలో నిలబడి ఆ బండి శబ్దంలోనే తేల్చుకోవాలి. పొరపాటున బ్యాంకుది చదివిందనుకోండి. ఖాతాదారు తన రహస్యాలు తానే బయటపెడితే, బ్యాంకుకు తెలియజేసే దాకా పోయిన సొమ్ము ఖాతాదారుదేనని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి సర్క్యులర్ చెప్పింది. చెప్పు చెప్పు అని రోజూ అలవాటు చేసింది ఒకరు, చెప్పినందుకు మునిగేది ఇంకొకరు. ఆ పిల్లాణ్ణి ఏమీ అనను. సాయంత్రంలోగా సంచీ ఖాళీ చెయ్యకపోతే అతని కూలి దక్కదు.

ఇంకొకటి ఉంది. రీచార్జి చెయ్యక ఆగిపోయిన సెల్ నంబరును కనీసం 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత వేరొకరికి ఇవ్వొచ్చు. వేరొకరికి ఇవ్వడం వరకూ న్యాయమే. కానీ మనుషుల అకౌంట్లు పాత నంబరుకే తగిలి ఉంటాయి. వదిన పాత నంబరు ఇప్పుడు ఏ ఊళ్లో ఎవరి జేబులో ఉందో ఆ భగవంతుడికెరుక. ఆమె తన అకౌంటులోకి వెళ్లబోతే ఓటీపీ ఆ పుణ్యాత్ముడికి పోతుంది. నంబరు మార్చండి అని కంపెనీని అడిగితే, ‘మీరు మీరేనని రుజువు చేయడానికి పాత నంబరుకు ఓటీపీ పంపాం’ అన్నారు.

ఇక రెండో మనిషి దగ్గరికి వద్దాం, అంటే పొగిడేవాడి దగ్గరికి. ఒక మిక్సీ పేజీ తెరిచాను. వేల రేటింగులు, నాలుగున్నర స్టార్లు. కిందికి దిగి చదివితే మొదటి భక్తుడు ‘ఇంకా పెట్టె విప్పలేదు, చాలా బాగుంది’ అన్నాడు. రెండో ఆయన ‘నా మొబైల్‌కు కరెక్టుగా సరిపోయింది’ అన్నాడు. మిక్సీ మొబైల్‌కు ఎలా సరిపోయిందని ఆశ్చర్యపోకండి. పాత సరుకు పేజీ మీద కొత్త సరుకు బొమ్మ అతికించి, పాత స్టార్లను కొత్త దానికి కట్టబెట్టడం ఒక విద్య. అమెరికాలో ఈ విద్యకే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఒక విటమిన్ మాత్రల కంపెనీ చేత 6 లక్షల డాలర్లు కట్టించింది. మూడో ఆయన ఒక్క స్టారిచ్చి ‘డెలివరీ ఒక రోజు లేటు’ అని రాశాడు. పాపం, మిక్సీ ఏం చేసింది? ఒకే నెలలో ఒకే తప్పుతో, ఒకే మూడు మాటలతో పదుగురు రాసిన పొగడ్తలు వేరే. మా జిల్లాలో కేజీఎఫ్ గనుల్లో టన్ను రాయి పిండి చేస్తే కొద్ది గ్రాముల బంగారం రాలేది. ఈ రివ్యూల గుట్టను తవ్వినా ఆపాటి నిజం రాలితే గొప్పే.

తెగించి మిక్సీ తెప్పించాం. పెట్టెలో గ్యారంటీ కాగితం కంటే ముందు నున్నటి కార్డు ఒకటి చేతికొచ్చింది. దాని మీద బంగారు రంగులో ఐదు స్టార్లు అచ్చేసి, కింద సంగతి రాశారు. ఐదు స్టార్లు ఇచ్చి, ఆ స్క్రీన్‌షాట్‌ను ఆర్డరు నంబరుతో, యూపీఐ ఐడీతో కలిపి ఫలానా వాట్సాప్‌కు పంపితే 100 రూపాయలు వాపస్ ఇస్తారట. నా పొగడ్త ధర వంద. దానితోపాటు నా పేరు, నా నంబరు, నేనేం కొన్నానో, నా దుడ్డు ఏ దారిన పోతుందో అన్నీ ఒక్క మెసేజిలో ముక్కూమొహం తెలియనివాడికి చేరతాయి. దొంగ రివ్యూ వేరు, అకౌంటు భద్రత వేరు అనుకునేవాళ్లు ఆ కార్డును ఒకసారి తిప్పి చూడాలి.

వారం తిరక్కుండా చట్నీ జారు అడుగున కారడం మొదలుపెట్టింది. ఉన్నమాట రాశాను. ఒక స్టారు, జారు ఫోటో, నాలుగు వాక్యాలు. ‘మీ రివ్యూ మా మార్గదర్శకాలకు అనుగుణంగా లేదు’ అని జవాబొచ్చింది. పెట్టె విప్పని భక్తుడు మాత్రం ఇంకా అక్కడే వెలుగుతున్నాడు. చట్టం నా వైపే ఉంది. 2019 చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే, అంటే కోలారు కమిషన్‌లోనే, కేసు వేసుకోవచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. కానీ జారు ఖరీదు రెండు వాయిదాల బస్సు చార్జీలకే చెల్లు. పోనీ మీ హెల్ప్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడదామంటే అక్కడా ముందు ఓటీపీ. ఏలినవారు కూడా నన్నే అడిగారు, నువ్వెవరు అని!

ఈ పొగడ్తలు రాసేదెవరో కూడా కొంత విన్నవిస్తాను. ఆ గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాక కేజీఎఫ్ జనం తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి తిరిగొస్తున్నారు. అక్కడి నుంచి వచ్చే మారికుప్పం బండి మా స్టేషన్‌కు వచ్చేసరికే కాలు పెట్టే చోటుండదు. అలాంటి పెట్టెలో నిలబడ్డ కుర్రాడి ఫోన్‌కు టెలిగ్రామ్‌లో మెసేజి వస్తుంది. ‘ఇంట్లో కూర్చుని హోటళ్లకు, సరుకులకు స్టార్లివ్వండి, రోజుకు వేలు సంపాదించండి.’ మొదటి రోజు నిజంగానే నూటయాభై పడతాయి. తర్వాత పెద్ద టాస్కు కావాలంటే ముందు కొంత కట్టమంటారు, ఆ తర్వాత ఇంకొంత. చివరికి కట్టిందీ పోయి, రావాల్సిందీ పోయి, ఇంట్లో చెప్పుకోలేక కూర్చుంటాడు. ఇలాంటి పార్ట్‌టైమ్ ఉద్యోగాల మోసాలు చేసే వందకు పైగా వెబ్‌సైట్లను 2023 డిసెంబరులో కేంద్రం మూయించింది. దొంగ స్టారు కొనేవాణ్ణే కాదు, ఇచ్చేవాణ్ణి కూడా ముంచుతోంది.

మీరేమీ చెయ్యలేదని నేననను. అంటే కళ్లు పోతాయి. 2020 జూలైలో వచ్చిన ఇ-కామర్స్ నియమాల్లో, అమ్మేవాడు కొన్నవాడి వేషం కట్టి రివ్యూ రాయకూడదని ఉంది. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందిందని చెప్పాలని, నెలలోగా తేల్చాలని కూడా ఉంది. 2022 ఆగస్టులో ప్రమాణాలకు నిలవని ప్రెషర్ కుక్కర్లను అమ్మనిచ్చినందుకు అమెజాన్‌కు, ఫ్లిప్‌కార్ట్‌కు చెరో లక్ష జరిమానా వేశారు. మొదటి దాని ద్వారా 2,265, రెండో దాని ద్వారా 598 కుక్కర్లు అమ్ముడయ్యాయని మీరే లెక్క చెప్పారు. లక్షంటే మాకు లక్షే. వాళ్లకు ఎంతో ఏలినవారికి తెలుసు. ఆ కుక్కర్లు కొన్నవాళ్లు ఐఎస్ఐ గుర్తు చూడలేదా అని అడగొద్దు. స్టార్లు పేజీ నెత్తిన కనబడతాయి, ఐఎస్ఐ గుర్తు కోసం ఫోటోను రెండు వేళ్లతో సాగదీసి వెతకాలి.

అన్నిటికంటే మంచి పని 2022 నవంబరులో చేశారు. ఐఎస్ 19000 అని ఆన్‌లైన్ రివ్యూలకే ఒక ప్రమాణం తెచ్చారు. డబ్బిచ్చి రాయించినవీ, అమ్మేవాడు మనుషుల్ని పెట్టి రాయించుకున్నవీ వెయ్యకూడదని అందులో ఉంది. రాసినవాడు నిజంగా ఉన్నాడా లేదా అన్నది ఈమెయిల్‌తోనో ఫోన్‌తోనో ఎస్ఎంఎస్‌తోనో సరిచూడాలనీ ఉంది. నేను అడిగేది అక్షరాలా ఇదే, మీరు ముందే రాసిపెట్టారు! కాకపోతే ఇష్టముంటే పాటించండి అన్నారు. దొంగ తూకం వేసేవాడితో ‘నీకిష్టమైతే తక్కెడ సరిచేసుకో’ అన్నట్టయింది. ఇ-కామర్స్ మీద మీ హెల్ప్‌లైన్‌కు వచ్చిన ఫిర్యాదులు 2018లో 95,270, 2023లో 4,44,034. ఇష్టం ఎవరికి ఎంత ఉందో ఆ అంకెలే చెప్తున్నాయి. తప్పనిసరి చేద్దామని 2024 మే నెలలో మీ శాఖ కంపెనీలను పిలిచి కూర్చోబెట్టింది. ఆనాటి టీ కప్పులు ఈపాటికి కడిగేసి ఉంటారు. అదే ఏడాది అక్టోబరు 21 నుంచి అమెరికాలో దొంగ రివ్యూలకు, ఒక్కో తప్పుకు 51,744 డాలర్ల దాకా జరిమానా వేసే నియమం అమల్లోకి వచ్చింది. వాళ్లను చూసి వాత పెట్టుకోమనడం లేదు. మన దగ్గర రాసి ఉన్నదాన్ని మనమే అమలు చేద్దామంటున్నాను.

కాబట్టి విన్నపం ఇది. ఐఎస్ 19000ను ఉత్తర్వు చెయ్యండి. కొన్నట్టు రుజువున్నవాడి స్టారునే లెక్కలో వెయ్యమనండి. తీసేసిన ఒక స్టారు రివ్యూ ఎందుకు తీశారో కారణం రాయమనండి. పేజీ మీద సరుకు మారితే పాత స్టార్లు చెరిపేయమనండి. పెట్టెలో లంచం కార్డు దొరికితే అమ్మినవాడి అంగడి మూయించండి. డెలివరీకి ఓటీపీ వద్దు, ఇంకేదైనా గుర్తు పెట్టమనండి. ఓటీపీ అంటే ఎవరికీ చెప్పనిదిగానే ఉండనివ్వండి. అదీ కుదరదంటే కనీసం మెసేజి తెలుగులోనో కన్నడంలోనో పంపి, మొదటి మాటగా ‘చెప్పొచ్చు’ అనో ‘చెప్పొద్దు’ అనో రాయమనండి.

బహిరంగ లేఖ కనుక ఏలినవారికంటే ముందు మా వాళ్లే చదువుతారు. వాళ్లకూ ఒక మాట. సరుకు చెడితే 1915కు, దుడ్డు పోతే 1930కి ఫోన్ చెయ్యండి. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా వేరెవరో దుడ్డు లాగేస్తే, బ్యాంకు నుంచి కబురొచ్చాక మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే మొత్తం తిరిగివ్వాల్సింది బ్యాంకే. సిగ్గుపడి నాలుగో రోజు దాకా ఆగకండి.

ఇట్లు,
విధేయులు,
టేకల్, మాలూరు తాలూకా, కోలారు జిల్లా.