పౌడరుకు ఐదు, సన్‌స్క్రీన్‌కు పద్దెనిమిది

2025 సెప్టెంబరు 3న ఢిల్లీలో ఒక చర్మవ్యాధుల ఓపీ నడిచింది. బయట బోర్డు మీద జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం అనే రాశారు. లోపల జరిగింది మాత్రం యావద్దేశం ముఖాన్ని చూసి మందు రాయడం. డాక్టర్లు కేంద్ర, రాష్ట్రాల ఆర్థిక మంత్రులు. రెండు రోజులు నడపాల్సిన ఓపీని ఒక్కరోజుతో చుట్టేసి, పొద్దుపోయాక చీటీ చేతిలో పెట్టారు. అదే నెల 22న, నవరాత్రుల మొదటి రోజు నుంచి, వాడకం మొదలు. పొదుపు పండుగ చేసుకోమని ప్రధాని కూడా టీవీలోకి వచ్చి చెప్పారు.

చీటీలో ఏముందో పాఠకులకు ఈపాటికి కంఠతా వచ్చే ఉంటుంది. ఒంటి సబ్బు బిళ్ల 18 నుంచి 5 శాతానికి. షాంపూ, తలనూనె, షేవింగ్ క్రీము అలాగే 5కి. టాల్కం పౌడరు 5. ముఖం పౌడరు కూడా 5. కాటుక, కుంకుమ, బొట్టుబిళ్లలకు ఎప్పటినుంచో పన్నే లేదు. మరి మాయిశ్చరైజర్? 18. సన్‌స్క్రీన్? అదీ 18.

పౌడరు మీద తగ్గిస్తే లాభం బడా కంపెనీలకే కదా అని ఎవరో అడుగుతారని ముందే ఊహించి, ప్రభుత్వమే ప్రశ్న వేసుకుని జవాబూ రాసుకుంది. ఇవి దాదాపు అన్ని వర్గాలవాళ్లూ రోజూ వాడేవి అన్నది ఆ జవాబు సారం. అంటే డాక్టర్ల దృష్టిలో పౌడరు నిత్యావసరం, ఎండ నుంచి కాపాడేది సోకు.

ఈ వైద్యం ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక్క పేషెంటును లోపలికి పంపితే చాలు. పేరు చంద్రపూర్, ఊరు మహారాష్ట్ర. మన పెద్దవాళ్ల నోట ఇప్పటికీ చాందానే. చైత్రంలో బల్లార్షా మీదుగా మహాకాళి జాతరకు పోయేవాళ్లకీ, బల్లార్‌పూర్ కాగితం మిల్లులోనో చుట్టుపక్కల గనుల్లోనో తాతల నాడు పనికి కుదిరి అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలకీ ఈ పేషెంటును పరిచయం చేయక్కర్లేదు. వృత్తి కరెంటు తయారీ. 2,920 మెగావాట్లు, ఆ రాష్ట్ర విద్యుత్ సంస్థ మహాజెన్‌కో కేంద్రాల్లో ఇదే పెద్దది. పాత రిపోర్టులూ చంకలోనే ఉన్నాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు పరీక్ష పెడితే చంద్రపూర్‌కు 83.88 మార్కులు, నాలుగో ర్యాంకు వచ్చాయి. 70 దాటితేనే పరిస్థితి విషమమని లెక్క. 2025 ఏప్రిల్‌లో టెంపరేచరు 45.6.

‘‘ఏమిటి బాధ?’’ తలెత్తకుండానే అడిగారు డాక్టరు గారు.

‘‘ముఖం మాడిపోతోందండీ. పైన ఎండ, కింద బూడిద.’’

‘‘పౌడరు రాసుకో. ఐదు శాతమే.’’

‘‘పౌడరు మా గాల్లోనే ఉందండీ. డాబా మీద ఆరేసిన దుప్పటి సాయంత్రం దులిపితే డబ్బా నిండుతుంది. పట్నాల్లో చార్‌కోల్ మాస్క్ అని వందలు పోసి కొంటారట, మాకు పొద్దునా సాయంత్రం ఉచితంగానే పూస్తున్నారు. ఎండకేదన్నా రాయండి.’’

‘‘ఎండకా? అది 18 శాతం గదిలో ఉంటుంది. బొగ్గు పక్కన చూడు.’’

వెటకారం కాదు, బొగ్గు నిజంగానే అక్కడుంది. ఇదే సమావేశంలో బొగ్గు 5 నుంచి 18కి ఎక్కి సన్‌స్క్రీన్ సరసన కూర్చుంది. అయితే కూర్చుంటూ టన్నుకు 400 రూపాయల సెస్సును గుమ్మం బయటే విదిల్చి వచ్చింది. టన్ను ధర 1,500 అనుకుందాం. పాత లెక్కన పన్ను 75, సెస్ 400, కలిపి 475. కొత్త లెక్కన 270. అదే గదిలో అడుగుపెట్టగానే బొగ్గు తేలికపడింది, ఎప్పటినుంచో అక్కడే ఉన్న సన్‌స్క్రీన్ మీద పైసా తగ్గలేదు. పేషెంటు ముఖం నల్లబడటానికి కారణమైన సరుకుకు ఉపశమనం దొరికింది కాబట్టి వైద్యం మొత్తానికి ఫలించినట్టే.

గది బయట నిజమైన చర్మవైద్యులను అడిగితే రోజువారీ సంరక్షణ అంటే మూడే ముక్కలు చెబుతారు: చర్మాన్ని పీల్చేయని సబ్బుతో కడుక్కోవడం, తేమ నిలిపేది ఏదైనా రాయడం, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. వాళ్ల జాబితాలో ముఖం పౌడరు ఊసే లేదు. కౌన్సిల్ మాత్రం మూడింటిలో ఒక్క సబ్బును కనికరించింది. అదీ బిళ్లగా ఉంటేనే.

ఇక ట్యూబు సంగతి. పన్నుతో కలిపి 354 రూపాయలది ఒకటి కొన్నారనుకుందాం. అందులో 54 రూపాయలు ఖజానాకు. 54లో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి, అంటే ఒక్క చీటీకి ఇద్దరు డాక్టర్ల ఫీజు. ఐదు శాతమైతే 315కే వచ్చేది. ముఖానికీ మెడకూ సరిపడా రాయాలంటే ఒకసారికి గ్రాము పైనే పడుతుంది, ఎండలో ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఆ లెక్కన 50 గ్రాముల ట్యూబు పది రోజులు. మహారాష్ట్రలో ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు 312 రూపాయలు. నెలకు మూడు రోజుల కూలికి పైనే, ఒక్క మనిషి ముఖానికి.

అందుకే చాందా తన వైద్యం తానే చేసుకుంటోంది. స్కూటీ మీద పోయే ఆడపిల్ల తల, ముక్కు, నోరు, మెడ అన్నీ కాటన్ స్కార్ఫుతో చుట్టి, చేతులకు మోచేతుల దాకా తొడుగులు వేసి, కళ్లు మాత్రం బయట పెడుతుంది. మంచి వైద్యమే, నేత దట్టంగా ఉంటే గుడ్డ చాలా ఎండను ఆపుతుంది. మన గోధుమ, చామన రంగు ఒంటికి చర్మ క్యాన్సర్ భయం తెల్లవాళ్లకున్నంత లేదన్నదీ నిజమే. కానీ మంగు, కమిలిన బుగ్గలు, ఎండ పొక్కులు రంగు చూసి ఆగవు. పైగా తారు పోసే చోట, బొగ్గు ఎత్తే చోట ఆ స్కార్ఫు గంటకల్లా చెమటకు తడిసి ముక్కుకు అంటుకుపోతుంది.

మాడిన ముఖం తర్వాత ఎక్కడికి పోతుంది? మందుల షాపుకు. అక్కడ కౌంటర్ మీద స్టెరాయిడ్ కలిపిన ట్యూబు ఉంటుంది. వారంలో ముఖం తేటపడుతుంది, నెలల్లో చర్మం పల్చబడి ఎర్రగా మండుతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేనిదే అమ్మకూడదన్న షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడిగే షాపులెన్నో పాఠకులే చెప్పాలి. చాలా మందులు ఇప్పుడు 12 నుంచి 5కి దిగాయి గనుక ఆ ట్యూబూ చవకైంది. కాపాడేదానికి 18, కాపాడనందుకు వచ్చిన మచ్చ మీద రాసి ఇంకా చెడగొట్టుకునేదానికి 5. అదీ కొనలేనివాళ్లకు పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీములున్నాయి. ఇదే విదర్భలో, అకోలాలో, అలాంటి క్రీము రాసుకుని ఒకే ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో పరీక్షిస్తే క్రీములో పాదరసం తేలింది.

ఈ పేషెంటు మన చేలకూ వస్తుంది. ఏటా మిర్చి కోతలకు చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల నుంచి వేలమంది ఆడవాళ్లు తెలంగాణ చేలకు వస్తారు. 2020 లాక్‌డౌన్‌లో ఆ చేలల్లో చిక్కుకుపోయిందీ, కొందరు కాలినడకన ఇల్లు పట్టిందీ వీళ్లే. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని కాయ కోస్తారు. ఆ మంట నీళ్లకు పోదు, నూనె రాసి సబ్బుతో తోమాలి. ఆ చేత్తోనే పొరపాటున చెమట తుడుచుకుంటే ముఖమంతా నిప్పు. మన కారం డబ్బాలోని ఎరుపు వెనక ఉన్న చర్మం అది. ఆ చర్మం గురించి ఒక్క ఆర్థిక మంత్రి, ఏ పార్టీవాడైనా సరే, నోరు విప్పినట్టు దాఖలా లేదు. ఏసీ గదిలో ఉండేవాళ్లు రాసుకోవడం చూసి సన్‌స్క్రీన్‌ను సోకు కింద జమకట్టేశారు. ఎండలో రోజంతా నిలబడేవాళ్లు దాన్ని వాడకపోవడం చూసి, వాళ్లకది అవసరమే లేదని తేల్చేశారు. కొనలేకపోవడం అవసరం లేకపోవడం ఎలా అవుతుంది? ఉపాధి హామీ పనిచోట నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని చట్టంలోనే రాసుకున్నారు. ఆ పెట్టెలో ఒక ట్యూబు పడేయడానికి ఏ కౌన్సిల్ కూర్చోవాలి? గనిలో దిగేవాడికి టోపీ, బూట్లు యజమాని ఇవ్వాలి, నడినెత్తిన 45 డిగ్రీలకు మాత్రం ఎవరి తోలు వాళ్లు కాపాడుకోవాలా?

18 శాతం వరుసలో చర్మ సంరక్షణ సరుకులు ఉన్నచోట బ్రాకెట్లో కొన్ని మినహాయింపులున్నాయి. కాటుక, కుంకుమ, బొట్టు, సిందూరం, పారాణి, టాల్కం పౌడరు, ముఖం పౌడరు. 57వ సమావేశంలో ఆ వరుస చివర ఇంకొక్క మాట రాయండి. సిరాకు డబ్బుల్లేకపోతే చెప్పండి, చాందా కూలీలు చందాలేసుకుని పంపుతారు.