వంద గ్రాముల నేను

నా బరువు 100 గ్రాములు. నా పొడవు 800 మీటర్లు. కీసర టోల్ గేటు దగ్గర నా ఒక కొస పట్టుకుని నందిగామ వైపు నడక మొదలుపెడితే, ముప్పాతిక కిలోమీటరు దాటాక గానీ రెండో కొస చేతికి రాదు. అంత పొడుగూ ఒక్క గుప్పిట్లో ఇమిడిపోతుంది. నేను ఉన్నిపోగును. కొన్ననాడు చిలపను, చుట్టాక ఉండను, ఇప్పుడు శాలువాను. ఇన్ని అవతారాలెత్తినా మధ్యలో ఒక్కచోట కూడా తెగలేదు, ముడి పడలేదు. నా కథంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

పుట్టింది స్కాట్లండుకు ఉత్తరాన సముద్రంలో ఉన్న షెట్లాండ్ దీవుల్లో. అక్కడి గొర్రెలు చిన్నవి. వేసవి మొదట్లో వాటి ఉన్ని దానంతటదే వదులవుతుంది. పూర్వం కత్తెర పెట్టకుండా చేత్తోనే లాగి తీసేవారు. మెడ దగ్గరి ఉన్ని అన్నిటికన్నా మెత్తన. దాన్ని అతి సన్నగా వడికి అన్‌స్ట్ దీవి ఆడవాళ్ళు అల్లిన శాలువాలు పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోయేవి. లోకమంతా ఆ ఉంగరం ముచ్చట చెప్పుకుంది. అల్లినామెకు ఏం ముట్టిందో మాత్రం ఎవరూ అడగలేదు. వర్తకుడు చాలాసార్లు డబ్బు చేతిలో పెట్టేవాడు కాదు, తన కొట్లోదే టీపొడో గుడ్డో ఇచ్చి పంపేవాడు. టీపొడి మళ్ళీ ఎవరికో అమ్ముకుంటే గానీ ఇంట్లోకి తిండిగింజలు వచ్చేవి కావు. ఆ పద్ధతి మీద 1872లో ప్రభుత్వం విచారణ జరిపింది. అల్లే ఆడవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పారు. నేను ఈ కాలపు మిల్లులో పుట్టిన రెండు పురుల పోగునే. అయినా పుట్టింటి కథ తెలియకుండా ఎలా ఉంటుంది?

నన్ను కొన్నది కీసర అమ్మాయి. అబెర్డీన్‌లో చదువుకుంటోంది. అక్కడ రాత్రి ఓడ ఎక్కితే తెల్లవారేసరికి షెట్లాండులోని లెర్విక్ రేవు. స్నేహితురాళ్ళతో సరదాగా వెళ్ళి, కొట్లో నన్ను చూసి, ధర చూసి పక్కన పెట్టేసి, మళ్ళీ వెనక్కి వచ్చి తీసుకుంది. రెండు చిలపలు కొనే డబ్బు లేదు. "ఒక్కటే. పెద్ద శాలువా అవ్వాలి, చుట్టూ లేసంచు కూడా రావాలి" అని గట్టిగా అనుకుంది. ఆ మాటతో నా గుండెల్లో రాయి పడింది. 100 గ్రాములు ఎంతవరకు సాగుతాయో పోగుకు తెలిసినంతగా మనిషికి తెలియదు.

సంక్రాంతి సెలవులకు కీసర వచ్చాం. పెట్టె తెరవగానే ఇరుగుపొరుగు అందరి చేతుల్లోనూ పడ్డాను. "గొర్రెబొచ్చే? ఇంత మెత్తగానా?" అని ఒకరు చెంపకు ఆనించుకున్నారు. వాళ్ళను తప్పుపట్టను. మున్నేటి ఒడ్డున మేసే గొర్రెలకు ఉన్ని ఎక్కడుంది? నెల్లూరు జాతికి ఒంటినిండా పొట్టి వెంట్రుకలే. కాస్త పైకి తెలంగాణలోకి వెళితే దక్కని గొర్రెలున్నాయి, వాటి ముతక నల్ల ఉన్నితో కురుమలు గొంగళ్ళు నేస్తారు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమనే సామెత ఈ ఊరికి తెలుసు గానీ, ఒంటికి గుచ్చుకోని ఉన్ని తెలియదు. పైగా చుట్టూ పత్తి చేలు, మిరప చేలు. ఎండాకాలం వస్తే 45 డిగ్రీలు. "ఈ ఊళ్ళో ఉన్ని శాలువా ఎవరికమ్మా, టోల్ గేటుకు కప్పుతావా?" అని బాబాయి వరసయ్యే ఒకాయన నవ్వాడు.

నవ్వనిది ఒక్కరే, నానమ్మ. ఆమె నన్ను చెంపకు ఆనించుకోలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పురి విప్పి చూసి, అరచేతిలో పెట్టుకుని తూకం పట్టింది. "ఎంతిచ్చారే?" అంది.

ఆమె పుట్టింది నరసాపురం దగ్గర. పెళ్ళయి ఇక్కడికొచ్చి దాదాపు యాభై ఏళ్ళయినా మాట చివర 'ఆయ్' అప్పుడప్పుడు తొంగిచూస్తుంది. అక్కడి ఆడపిల్లలకు కొక్కెం సూదితో లేసు అల్లడం నడకతో పాటే వచ్చేది. 1844లో మక్రే అనే స్కాట్లండ్ మిషనరీ దంపతులు నేర్పారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. అంటే నా పుట్టింటి దేశపు మనుషులు నేర్పిన పని నా కంటే ముందే గోదావరి ఒడ్డుకు చేరి, ఒక కోడలితో పాటు మున్నేటి ఒడ్డుకూ వచ్చిందన్నమాట.

నరసాపురంలో లేసు ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, లేసు తూచి తీసుకునేవాడు. మధ్యలో దారం తగ్గితే జవాబు చెప్పుకోవాలి. పని ముక్కలుముక్కలుగా పంచేవారు. ఒకింట్లో పూలల్లే చేతిపని, ఒకింట్లో కాజాకుట్లు, ఇంకొకింట్లో ఆ పూలన్నిటినీ కలిపే అతుకుపని. నానమ్మది అతుకుపని. ఎవరెవరి ఇళ్ళలోనో పుట్టిన పూలను బల్లగుడ్డగా కలపడం, ఆ గుడ్డ ఏ దేశపు బల్లెక్కిందో తెలియకుండానే ఇంకో మూట విప్పడం. తన చేతి మీదుగా మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా నడిచిన గుడ్డ ఒక్కటీ లేదు.

చిలపను అలాగే అల్లితే చిక్కుపడి చస్తాను. రెండు కుర్చీలు వీపులానించి వేసి, వాటికి నన్ను తొడిగి, అమ్మాయి ఉండ చుట్టింది. చుట్టేటప్పుడు బిగించి లాగితే నా సాగుడంతా అక్కడే పోతుందని నానమ్మ కసురుతూనే ఉంది.

పని పంచుకున్నారు. ఒళ్ళు అమ్మాయిది, మధ్యలో తీగ ఉన్న రెండు సూదులతో అల్లిక. అంచు నానమ్మది, కొక్కెం సూదితో లేసు. ఆకారం త్రికోణం. మెడ వెనక వచ్చే చోట నాలుగైదు కుట్లతో మొదలవుతుంది, ప్రతి రెండు వరసలకూ నాలుగు కుట్లు పెరుగుతాయి. చిల్లుల డిజైనుకు రహస్యమేమీ లేదు. సూది మీద పోగును ఒకసారి ఊరికే చుట్టి ఖాళీ వదులుతారు, పక్కన రెండు కుట్లను కలిపి ఒకటి చేస్తారు. ఒకటి పెరిగింది, ఒకటి తగ్గింది, లెక్క సరిపోయింది. మధ్యలో కిటికీ పడింది.

మోసమంతా త్రికోణంలో ఉంది. మొదట్లో వరసలు చకచకా సాగుతాయి, ఉండ తరగనట్టే ఉంటుంది. శాలువా లోతు నూటికి డెబ్బై పాళ్ళకు వచ్చేసరికి ఒంటికి కావలసిన పోగులో సగమే అయి ఉంటుంది. మిగిలిన ముప్పై పాళ్ళ లోతు తక్కిన సగాన్ని మింగేస్తుంది. "ఇంకా బోలెడుంది నానమ్మా, ఇంకో పది వరసలు" అని అమ్మాయి ఎన్నిసార్లన్నదో! నేనేమో ఉండలో కూర్చుని వణికిపోయేదాన్ని.

తగువు అంచు దగ్గర వచ్చింది. అంచుకు 20 గ్రాములు చాలని మనవరాలు. 30 ఉంచకపోతే సూది పట్టనని నానమ్మ. కొక్కెం అల్లిక సూదుల అల్లిక కన్నా పోగును ఎక్కువ తింటుంది. ప్రతి కుట్టూ తన చుట్టూ తానే మెలిపడి ముడిలా నిలవాలి కదా. అయినా నానమ్మ వాదించలేదు. ఒక గవ్వ అల్లింది. అంచంతా వరసగా వచ్చేది ఆ గవ్వలే. అల్లి, విప్పి, చేతులు బారజాపి కొలిచింది. మూడు బారలు. ఆమె బార మీటరున్నర. అంచు పొడవు కొలిచి, రెండు పక్కలకూ కలిపి యాభై గవ్వలు పడతాయంది. నూటయాభై బారలు. మనవరాలు ఫోనులో లెక్క కట్టింది. 225 మీటర్లు, అంటే 28 గ్రాములు. 20 గ్రాములే ఉంచితే ముప్పై అయిదో గవ్వ దగ్గర చేతులెత్తేయాల్సిందే. లెక్క నోటితో చెప్పిన ఆవిడ కళ్ళు మూసుకుని వక్క నములుతోంది, ఫోను పట్టుకున్న పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది.

సరే, సరిగ్గా 30 గ్రాముల దగ్గర ఆగాలంటే తూచాలి. మిరపకాయల కాటా నన్ను గుర్తే పట్టలేదు. అందుకని నందిగామలో తెలిసిన బంగారం కొట్టుకు పట్టుకెళ్ళారు. గొలుసులు తూచే అద్దాలపెట్టెలో కూర్చున్నాను. "తరుగు ఎంత వేయమంటారు పెద్దమ్మా?" అని కొట్టాయన సరదా చేశాడు. "మా పనిలో తరుగు ఉండదు నాయనా. మజూరీయే ఉండేది కాదు" అంది నానమ్మ. నేను 34 తూగాను. ఇంకొన్ని వరసలకు సెలవు దొరికింది.

లేసు అల్లికలో ఒక కుట్టు జారితే కిందకు నిచ్చెనలా విడిపోతుంది. అందుకని కొన్ని వరసలకోసారి అన్ని కుట్లలోంచీ సన్నటి కుట్టుదారం దూర్చి ఉంచుతారు. ఎంత విప్పాల్సి వచ్చినా ఆ దారం దగ్గర ఆగుతుంది. పండగ హడావుడిలో ఒకటి రెండుసార్లు ఆ దారమే నన్ను కాచింది. కొన్ని వరసలు విప్పి మళ్ళీ అల్లినా నాకేమీ తగ్గలేదు. కత్తిరించిన గుడ్డను మళ్ళీ తాను చేయలేరు. అల్లిన నన్ను ఎప్పుడైనా మళ్ళీ ఉండ చేయొచ్చు.

తర్వాత నేను నానమ్మ చేతికి వచ్చాను. తన పాత డబ్బాలోంచి సన్నటి ఉక్కు సూది తీసి మొదలుపెట్టబోయింది. దాంతో ఉన్నిని బిగిస్తే గవ్వ విచ్చుకోదు. మనవరాలు తెచ్చిన లావు సూది పట్టి, "ఇది సూదా, గరిటా?" అని గొణిగి, నాలుగో గవ్వకల్లా దారిలో పడింది. సూదుల మీద వందల కుట్లు ఒకేసారి ప్రాణాలతో ఉంటాయి. కొక్కెం మీద ఉండేది ఒక్కటే కుట్టు. అందుకే మధ్యలో పాలవాడికి డబ్బులివ్వడానికి లేచినా ఆమెకు భయం లేదు.

ఆమె అల్లుతుంటే మనవరాలు ఒక పుస్తకం తెలుగు చేసి చెప్పేది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం వచ్చి, ఇంటింటికీ తిరిగి, 1982లో వేసిన 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్'. ఆ ఆడవాళ్ళు రోజులో ఎక్కువ భాగం అల్లినా రూపాయి కూడా పడేది కాదని అందులో లెక్క ఉంది. ఎందుకంత తక్కువ? వాళ్ళను ఎవరూ పనివాళ్ళని అనుకోలేదు గనక. ఇంట్లో ఖాళీగా కూర్చున్న గృహిణులు, కాలక్షేపానికి అల్లుకుంటున్నారు అన్నారు. ఆ కాలక్షేపం మీదే ఎగుమతి వ్యాపారం నడిచింది. నానమ్మ సూది ఆపకుండా విని, "ఖాళీయా? వంటయ్యాక, పశువుల పనయ్యాక, పిల్లలు పడుకున్నాక లాంతరు కింద అల్లేవాళ్ళం. ఖాళీ ఎప్పుడుందో ఆవిడ కనుక్కుందా?" అంది. కనుక్కుందని, రాసిందని చెబితే, "అయితే మంచిదే" అని ఇంకో గవ్వ మొదలుపెట్టింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి కూడా మనవరాలు ఫోనులో చూపించింది. "ఊరికి పేరొచ్చింది, బానే ఉంది. కూలి పెరిగిందా చూడు" అంది నానమ్మ.

నా దీవి ముసలమ్మల సాక్ష్యం నాకు అప్పుడు గుర్తొచ్చింది. అక్కడ టీపొడి, ఇక్కడ చిల్లర. మధ్యలో రెండు సముద్రాలున్నా తూచేవాడి తీరు ఒక్కటే.

అల్లడం అయ్యాక నేను చూడ్డానికి నలిగిన గుడ్డపీలికలా ఉన్నాను. లేసు విచ్చుకోవాలంటే నీళ్ళలో నాని, తువ్వాలులో ఒత్తించుకుని, తడిమీద సాగి ఆరాలి. గుచ్చడానికి సరిపడా పిన్నులు లేవు. నానమ్మ నవారు మంచం వాల్చి, ప్రతి గవ్వ మొనలోంచీ దారం పోనిచ్చి మంచం కోళ్ళకూ పట్టెలకూ బిగించి కట్టింది. షెట్లాండులో చెక్కచట్రాలకు శాలువాలను ఇలాగే కడతారు. ఆ సంగతి ఆమెకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. చేతికి తోచింది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆరడుగుల వెడల్పున పరుచుకున్నాను. చివర మిగిలిన పోగు రెండు గ్రాములు.

సెలవులయ్యాక మనవరాలు వెళ్తూ నన్ను వదిలేసి పోయింది. "అక్కడి చలికి కొట్లో కొనుక్కుంటానులే. ఇది నీది నానమ్మా." అప్పటి నుంచి నేను బీరువాలో, వేపాకుల మధ్య. కీసరలో నాకు పనేముంది అని బెంగపడ్డాను. వేసవిలో తెలిసింది. ఈ రోడ్డు మీద చలి ఏసీ బస్సులో ఉంటుంది! హైదరాబాదు నుంచి నరసాపురం పోయే బస్సెక్కి, నెత్తిమీద గాలి మొదలవగానే నానమ్మ నన్ను తీసి భుజాల నిండా కప్పుకుంది. బయట వడగాడ్పు, లోపల షెట్లాండు.

నరసాపురంలో చిన్ననాటి తోటివాళ్ళు చుట్టూ చేరారు. డిజైను బాగుందని ఎవరూ అనలేదు. నేరుగా నన్ను తిరగేసి వెనకవైపు చూశారు. గవ్వ గవ్వకూ వేలు పెట్టి తడిమారు. అంచూ ఒళ్ళూ కలిసేచోట కళ్ళజోడు దించి వెతికారు.

"అతుకు ఎక్కడే?"

"లేదు. ఒకటే చిలప."

"ఏజెంటు ఎవరు? ఎంతిచ్చాడు?"

"ఎవరూ లేరు. నాదే."

కాసేపు నమ్మలేదు వాళ్ళు. ఒకామె మాత్రం అసలైన ప్రశ్న అడిగింది: "మరి మిగిలిన దారం ఎవరికిచ్చావు?"

నానమ్మ సంచీలోంచి ఆ రెండు గ్రాముల ఉండ తీసి చూపించి, మళ్ళీ లోపల వేసుకుని జిప్పు లాగింది. "అదీ నాదే."