కంచె దాటని కంది

పటాన్‌చెరు దగ్గర ముంబయి రోడ్డు పక్కన ఓ పొడుగాటి కంచె ఉంటుంది. లోపల ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన కేంద్రం. 1972లో పెట్టారు. కంది, శనగ, వేరుశనగ, జొన్న, సజ్జ... లక్షకు పైగా విత్తన నమూనాలు చల్లటి గదుల్లో హాయిగా నిద్రపోతున్నాయి. వాటి నకళ్లు నార్వే మంచుకొండలో తవ్విన భాండాగారం దాకా వెళ్లాయి. విమానమెక్కి ధ్రువం దాకా పోయిన విత్తనానికి రోడ్డు దాటి పక్క పల్లెకు పోవడానికి మాత్రం ముహూర్తం కుదరడం లేదు.

ఎందుకయ్యా అంటే పెద్దల దగ్గర ఒకటే జవాబు. "రైతులకు అవగాహన లేదు."

లేదు గనుక సదస్సు పెడతారు. మిర్గం, అంటే మృగశిర కార్తె వెళ్లిపోయి, చేలల్లో మొలకలు జానెడు లేచాక పెడతారు. ఫ్లెక్సీ మీద కంది కొమ్మ కంటే నాయకుల మొహాలు గుబురుగా ఉంటాయి. ఈ కొత్త కంది ఎండు తెగులు తట్టుకుంటుంది, గొడ్డుమోతు తెగులు తట్టుకుంటుంది అని సారు గంటసేపు చెబుతాడు. అంతా నిజమే, అబద్ధం ఒక్కటీ ఉండదు. చివర్న ఓ పెద్దాయన లేచి, "మంచిగ జెప్పినవ్ సారూ, గా ఇత్తనం సంచి ఏడ దొర్కుతది?" అంటాడు. సారు తెరవైపు చూస్తాడు. తెరమీద ధన్యవాదాలు అని ఉంటుంది. విత్తనాల మినీకిట్లు కొన్ని వచ్చాయంటారు. అవి ఎవరింటికి పోతాయో తెలియాలంటే ముందు వరుస కుర్చీలు చూస్తే చాలు. సమోసా మాత్రం ఆఖరి వరుస దాకా అందుతుంది.

సరే, అవగాహన లేదనే అనుకుందాం. మరి బీటీ పత్తికి 2002లో అనుమతి వస్తే, పదేళ్లు తిరిగేసరికి దేశంలో పత్తి చేలల్లో నూటికి తొంభై దాన్తోనే ఎలా నిండాయి? అంతకంటే విచిత్రం, గడ్డిమందు తట్టుకునే పత్తి. అనుమతే లేదు. బీజీ-3 అని పేరు పెట్టుకుని రాత్రికి రాత్రి ఊళ్లోకి దిగుతుంది. టాస్క్‌ఫోర్సులు వెంటపడినా ఆగదు. సర్కారు వద్దన్న విత్తనం గడప దాకా వస్తుంది, సర్కారు ముద్రేసిన విత్తనం గోదాము దాటదు.

కిటుకు రైతు బుర్రలో లేదు, దుకాణం గల్లాపెట్టెలో ఉంది. మామూలు కంది రకం ఒకసారి కొన్నవాడు గింజ దాచుకుంటాడు, మరో ఏడు అదే చల్లుతాడు, పక్కింటికి ఓ మానెడు పెడతాడు. దుకాణదారుకు వాడు పెళ్లికొచ్చిన చుట్టం, మళ్లీ కనిపించడు. పత్తి విత్తనం హైబ్రిడ్ గనుక పత్తి రైతు ఇంటల్లుడు, ఏటా రాక తప్పదు. లాభం లేని బస్తాను మోసేదెవరు? మోయాల్సిన సర్కారు వారు బ్రీడర్ విత్తనం, ఫౌండేషన్ విత్తనం, సర్టిఫైడ్ విత్తనం అని మూడు మెట్లు కట్టి, ఒక్కో మెట్టు మీద ఒక్కో పంటకాలం కూర్చుంటారు.

పోనీ ఏటా కొనాల్సిన హైబ్రిడ్ కందికైనా మోక్షం వచ్చిందా? 2015లో తెలంగాణకు మన్నెంకొండ కంది అని విడుదల చేశారు. దాని విత్తనం తీయాలంటే వేరే కందికి దూరంగా మడి వేయాలి, ఆడ వరసలు మగ వరసలు పెట్టాలి, పుప్పొడి తేనెటీగ మోయాలి. అన్ని తిప్పలు పడే కంపెనీ ఏది? ఈ కథలో పని సక్రమంగా చేసింది తేనెటీగే. దానికెవరూ సదస్సు పెట్టలేదు.

విత్తనం దొరికినా ధర ఉండాలిగా. 2015లో కందిపప్పు కిలో 200 దాకా పోయింది. ఆశపడి అందరూ కంది వేస్తే, పంట చేతికొచ్చాక క్వింటాలుకు 5,050 మద్దతు ధర కూడా చాలాచోట్ల దక్కలేదు. ఆ మధ్యలోనే, 2016లో, మొజాంబిక్ నుంచి కందులు తెచ్చుకుంటామని ఢిల్లీ ఒప్పందం రాసుకుంది. అవగాహన ఒప్పందం అంటారు దాన్ని. చూశారా, అవగాహన ఎక్కడుందో!

అన్నీ కుదిరిన చోట రైతు ఆగలేదు. జేజీ-11 శనగ కర్నూలు, ప్రకాశం నల్లరేగళ్లలో పాత అన్నిగెరిని పక్కకు నెట్టేసింది. సబ్సిడీ సంచి సమయానికి అందింది, కొనేవాడు ఉన్నాడు, కాపు కళ్లకు కనపడింది. అంతే.

ఇక ఇక్రిశాట్ చుట్టుపక్కల విత్తడానికి నేలే పెద్దగా మిగల్లేదు. నక్కవాగులోకి ఫ్యాక్టరీల నీళ్లొదిలి చేలు పాడుచేశారని జనం సుప్రీంకోర్టు దాకా పోయారు. మిగిలిన చెలక గజాల లెక్కన పోతోంది. అక్కడ బాగా పాకిన మేలు రకం హద్దురాయి ఒక్కటే. తెగులు పట్టదు, వాన అడగదు, దిగుబడి రిజిస్ట్రీ ఆఫీసులో చూసుకోవచ్చు.

వచ్చే ఏడు సదస్సు పెట్టబోయే సార్లకు ఒక మనవి. ఫ్లెక్సీ, సమోసాలు మానేయండి. ఆ డబ్బుతో ఎకరానికి సరిపడా కంది సంచి, మిర్గం కంటే ముందు, ఆ వెనక వరుస పెద్దాయనకు ఇచ్చి రండి. ఉపన్యాసం ఆయన ఇస్తాడు.